ఈగలు నిండిన పోస్టులు

మాది హనుమకొండలో ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గొళ్లాలు, తాళాలు, గడపారలు, నల్లా పైపులు అమ్ముతాం. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి ఇంటికి వెళ్తే గల్లా దగ్గర నేను కూర్చుంటాను. ఎండాకాలం ఆ వేళకు గిరాకీ పెద్దగా ఉండదు. వెనక గదిలో మా అత్తమ్మ నవారు మంచం మీద ఒరిగి, కళ్లు మూసుకునే దుకాణంలో జరిగేదంతా వింటుంటుంది. నిద్రపోయిందనుకుని ఎవరైనా ధర తగ్గించమని గొణిగితే లోపల్నుంచే జవాబొస్తుంది.

ఆ ఖాళీ వేళల్లోనే నేను బ్లాగు మొదలుపెట్టాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఒక సైటు గురించి చెప్పింది. అక్కడ ఎవరైనా రాయొచ్చు. నచ్చినవాళ్లు ఓటు వేస్తారు. ఓట్ల బలాన్ని బట్టి రాసినవాళ్ల ఖాతాలో ఆ సైటు సొంత నాణేలు కొన్ని పడతాయి. వాటిని రూపాయల్లోకి మార్చుకోవచ్చు, లేదా అక్కడే దాచుకుంటే మన ఓటుకు కూడా బలం పెరుగుతుంది.

"రాసుకుంటె పైసలిస్తరా? ఎవడిస్తడు? ఎందుకిస్తడు?" అన్నాడు మా ఆయన.

నాకూ అర్థం కాలేదు. అర్థం చేసుకుందామనే చేరాను.

మొదటి పోస్టు అందరూ పెట్టేదే పెట్టాను: ఖిలా వరంగల్ తోరణం ఫొటో, కింద కాకతీయుల వైభవం మీద నాలుగు పేరాలు. దానికి పడిన ఓటు నా స్నేహితురాలిది. తర్వాత రెండు మూడు వారాలు ఏవేవో రాశాను. ఎవరూ పలకలేదు. ఒకరోజు దుకాణానికి ఒక పెద్దాయన తాళం కొనడానికొచ్చాడు. ప్రతి తాళాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, వేసి, తీసి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశాడు. ఏదీ కొనలేదు. "మంచియే గని, సప్పుడు మంచిగ లేదు" అని వెళ్లిపోయాడు. ఉబుసుపోక ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి పెట్టాను. మర్నాడు చూస్తే పోస్టు కింద ఎక్కడెక్కడి మనుషులో చేరారు. ఆఫ్రికాలో ఏదో ఊరి నుంచి ఒకామె అడిగింది: ఆయనకు కావాల్సిన చప్పుడు ఎలాంటిది? అది నేనెందుకు అడగలేదా అని ఆ రోజంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగు నెలలు రాశాక ఆ సైటులోని తెలుగు గుంపు నన్ను క్యూరేటరుగా ఉండమంది. క్యూరేటరు చేసే పని చెప్పడానికి సులువే. రోజూ వచ్చే పోస్టులన్నీ చదవాలి. మంచివై ఉండీ ఎవరి కంటా పడనివాటిని ఏరి, గుంపు ఖాతాతో ఓటు వేయాలి. ఆ ఓటు బరువైనది. ఎక్కణ్నుంచో ఎత్తుకొచ్చిన రాతల్ని, మెషీను చేత రాయించిన రాతల్ని పట్టుకుని వ్యతిరేక ఓటు వేయాలి. అది పడితే వచ్చేది కూడా రాకుండా పోతుంది. అప్పటికి ఆ పని ఒక్కరే చూస్తున్నారు, గోదావరి జిల్లాలో హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. మేమిద్దరం ఇప్పటికీ ఎదురుపడలేదు. మెసేజీల్లోనే పరిచయం. ఆయన మర్యాదస్తుడు. కాకపోతే రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోడు.

చదవడం మొదలుపెట్టాక నాకు రాయడం మీదకంటే దాని మీదే మోజు పెరిగింది. ఇంతమంది ఇన్ని రకాలుగా ఎందుకు రాస్తున్నారు? ఒకాయన రోజూ తన మేకపిల్ల బరువు రాసేవాడు. ఒకమ్మాయి చదివిన కాలేజీ మీద కోపమంతా వంటల రూపంలో రాసేది. ఆ రోజుల్లోనే ఈగలు కనబడ్డాయి.

ఎవరో కొత్త ఖాతా. పేరు చూస్తే ఆడో మగో తెలీదు. పోస్టు ఇలా ఉంది: "మబ్బుల లేచిన. ఈగ వాకిలి ఊడ్చిన. ఈగ చాయ్ తాగిన. జ్వరం సేపు కూసున్న. ఈగ కాజాల పని పడ్డది. పొద్దుమీకేదాక ఈగ కాజాలే కాజాలు." పైన ఫొటోలో చాప మీద ఎండబోసిన ఇప్పపూలు. మర్నాడు ఇంకో పోస్టు, అందులో ఇంకా ఎక్కువ ఈగలు. ఫొటోలో బురదలో దిగబడిన జీపు.

మాస్టారు మెసేజీ పెట్టారు. "మేడమ్ గారూ, ఇది ఏదో భాషలోంచి మెషీను చేత అనువాదం చేయించిన సరుకండీ. లేదంటే ఈవిడ మిఠాయి కొట్టు నడుపుతుండాలి. కాజాల మీద ఈగలు ముసురుతున్నాయి. మబ్బుల్లో లేవడమేంటో మరీ అర్థం కాలేదు. వ్యతిరేక ఓటు వేసేద్దామా?"

విచిత్రమేమంటే, అదే పోస్టును బయటి దేశాలవాళ్లు తర్జుమా చేసుకుని చదివి మెచ్చుకుంటున్నారు. ఒకరు దాన్ని కవిత్వం అన్నారు. మబ్బుల్లో నిద్ర లేచే మనిషినీ, టీ తాగే ఈగనూ తాము మరచిపోలేమన్నారు. ఒకే రాత ఒకరికి దొంగ సరుకు, ఇంకొకరికి కవిత్వం. నాకు మాత్రం ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో తెలీదు. మాస్టారిని ఒకరోజు ఆగమన్నాను.

ఆ మధ్యాహ్నం గల్లా దగ్గర కూర్చుని ఆ పోస్టును పైకి చదువుకుంటున్నాను. వెనక గదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది.

"ఏంది బిడ్డా, ఈగ చాయ్ తాగుడేంది?"

"గట్లనే రాసింది అత్తమ్మా. నేనేం జెయ్యాలె."

"మల్లోపాలి సదువు. జర బిరబిర సదువు."

వేగంగా చదివాను. అత్తమ్మ మంచం కిర్రుమంది. లేచి కూర్చుని నవ్వుతోంది.

"ఓ పిచ్చిపిల్లా! అది ఈగ గాదే, ఇగ! ఇగ వాకిలి ఊడ్చిన. ఇగ చాయ్ తాగిన. జ్వరం గాదు, జర సేపు కూసున్న. మనామెనే ఈమె. మా చెల్లె గూడ గిట్లనే, మాటకో ఇగ."

'ఇక' అనాల్సిన చోట రోజుకు ఎన్నిసార్లు నేనూ 'ఇగ' అంటానో. కానీ చదివేటప్పుడు నా కన్ను పుస్తకపు తెలుగునే వెతికింది. మబ్బుల లేవడమంటే మాకు తెల్లవారక ముందే లేవడం. కాజాలంటే బొత్తాల కాజాలు. అంటే ఈ మనిషి బట్టలు కుడుతుంది. రాయడం లేదు, ఫోనుకు చెబుతోంది. ఫోనుకు మా మాట రాదు. దానికి వచ్చిన మాటల్లోకి తిప్పి రాసుకుంటోంది.

అదంతా మాస్టారికి వివరంగా రాశాను.

"మీరు చెప్పాక నాకూ వినిపిస్తోందండీ" అని జవాబిచ్చారు. "కానీ వినిపించడం రుజువు కాదు కదా. ఫొటోలకీ మాటలకీ పొంతనే లేదు. ఒకరి ఫొటోలు, ఒకరి మాటలు తెచ్చి అతికించి ఉంటే?"

ఆ అనుమానం న్యాయమైనదే. మాది హనుమకొండ అని చెప్పి, పోస్టు కింద నేనే అడిగాను: మీరు ఎవరు, ఏ ఊరు, ఒకసారి కలవవచ్చా? సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఎవలు అక్క మీరు. ఈగ రారాదు ఒకసారి మా ఊరికి." కింద, ములుగు దాటాక వచ్చే ఒక ఊరి పేరు.

మాస్టారు వెంటనే మెసేజీ పెట్టారు. "చూశారా, రారాదు అంటోంది. రావద్దని అంత కచ్చితంగా చెబుతోందంటే ఏదో ఉందండీ."

"అయ్యో మాస్టారూ, మా దగ్గర రారాదు అంటే రమ్మని బతిమాలడం" అని రాశాను. ఆయన ఒక దండం బొమ్మ పంపారు.

దుకాణానికి సెలవున్న రోజు ములుగు బస్సెక్కాను. అత్తమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. సంచిలో ఒక జాకెట్టు గుడ్డ పెట్టుకుంది. "ఉత్తచేతుల్తోని పోతమా? కుట్టెటామెకు కుట్టుడు పనే తీస్కపోవాలె" అంది. దారి పొడుగునా ఆమె ఎలా ఉంటుందో ఊహించుకున్నాం. నాకు సన్నగా, దిగులుగా ఉండే మనిషి మనసులో మెదిలింది. "దిగులు మనిషి గన్ని ముచ్చట్లు చెప్పది" అని అత్తమ్మ కొట్టిపారేసింది. ములుగులో దిగి జీపెక్కాం. అడవి దగ్గరపడేకొద్దీ జీపులోకి ఇప్పపూల వాసన వచ్చింది.

ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల వసారాలో కుట్టు మెషీను, దాని ముందు బొద్దుగా నా వయసు మనిషి. నూనె డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. నోటి చివర రెండు గుండుసూదులు పట్టుకుని, కాలు ఆడిస్తూ, ఫోనుతో మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి సూదులు తీసి గుడ్డకు గుచ్చింది.

"హనుమకొండక్కా? ఏమో అనుకున్న, నిజంగనే వచ్చిన్రు! కూసోన్రి. పెద్దమ్మా, గా కుర్సి ఊగుతది, ఇటు కూసో."

చాయ్ పెట్టింది. అత్తమ్మ జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చింది. కొలతలు తీసుకుంటూ ఆమె మాట్లాడుతూనే ఉంది. అక్క కూతురు హనుమకొండలో నర్సింగు చదువుతోందట. హాస్టల్లో ఉంటుంది. రోజూ ఫోన్ చేసి ఈమె ముచ్చట్లు వినేంత తీరిక ఆ అమ్మాయికి లేదు. అందుకని ఈ ఖాతా తెరిచి ఇచ్చి, "చిన్నమ్మా, నీకు తోచినప్పుడల్ల దీంట్ల చెప్పు, నేను తీరినప్పుడు సదువుకుంట" అందట.

"పైసలు గిట్ల వస్తయని చెప్పింది. గదంత అదే సూస్కుంటది. నాకైతే చెప్పుకుంట కుడితె బట్ట జల్ది అయితది."

ఫొటోలు మాటలకు ఎందుకు కలవవని అడిగాను. నా ప్రశ్నే ఆమెకు వింతగా తోచింది.

"పొద్దుగాల ఏదన్న మంచిగ కనవడితె ఫొటో కొడ్త. చెప్పుడేమో పగటీలి. అప్పటికి యాదికొచ్చేటిది వేరే ఉంటది. రెండు ఒక్కటెట్లయితయ్ అక్కా?"

దీనికి మాస్టారు ఏమంటారో చూడాలనిపించింది. అంతలో ఆమె టేపు మెడలో వేసుకుని, గొంతు తగ్గించింది.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. గీ బయటి దేశపోళ్లకు ఈగలంటె గంత ఇష్టమా? అందరు గవ్వే అడుగుతాండ్లు. ఒకామె ఐతె ఈగలు రాకుండ కిటికీల తులసాకులు పెట్టుమన్నది. మా ఇంట్ల ఈగలెక్కడియి? దినాం ఫినాయిల్ ఏసి తుడుస్త."

అత్తమ్మ నవ్వు ఆపుకోలేక చాయ్ పొలమారింది. నేను ఫోను తీసి ఆమె పోస్టు ఆమెకే చూపించాను. అప్పటిదాకా ఆమె తన పోస్టులు చదివి చూసుకోలేదు. "నేను చెప్పిందే గద, మల్ల నేనెందుకు సదువుడు" అనుకుందట. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో వరుస చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"గిన్ని దినాల సంది గిట్లనే ఉన్నదా?"

"నీ తప్పేం లేదు చెల్లె, ఫోనుకు మన మాట రాదు. అందరికి నచ్చింది కూడ."

"వాళ్లకు నచ్చింది నేను చెప్పింది గాదు గద అక్కా."

నూనె డబ్బాకు ఆనించిన తన ఫోనును బోర్లించి పెట్టింది. మెషీను వైపు తిరిగి కుట్టు మొదలుపెట్టింది. మేం బయల్దేరేటప్పుడు మాత్రం ఇప్పపూలు ఒక పొట్లం కట్టి అత్తమ్మ చేతిలో పెట్టింది. తిరుగు బస్సులో అత్తమ్మ కూడా నవ్వలేదు. "పాపం, నోరున్న మనిషి బిడ్డా. ఊకె చూపిస్తివి" అంది. చూపించకుండా ఉండాల్సిందా? ఆమె మాట ఆమెకు తెలియకుండా ఊళ్లు తిరగడం నాకు బాగనిపించలేదు. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నేను చూసొచ్చిందంతా చెప్పాక మాస్టారు పూర్తిగా నమ్మారు. ఆమె తర్వాతి పోస్టుకు గుంపు ఓటు మొత్తం వేద్దామన్నారు. తర్వాతి పోస్టు రాలేదు. రోజూ మధ్యాహ్నం "ఏమన్న చెప్పిందా?" అని అత్తమ్మ అడిగేది. లేదనేదాన్ని.

కొన్నాళ్లకు నర్సింగు చదివే ఆ అమ్మాయి కుట్టిన జాకెట్టు పట్టుకుని మా దుకాణానికి వచ్చింది. "చిన్నమ్మ మస్తు సిగ్గు పడ్డది ఆంటీ. మన ఇల్లు ఈగల కొంప అనుకుంటాండ్లని ఒకటే బాధ. ఇప్పుడు టైపింగ్ నేర్సుకుంటాంది. ఒక్కొక్క అక్షరం నన్ను అడుగుతాంది" అని చెప్పింది. అత్తమ్మ జాకెట్టు తొడుక్కుని చూసుకుంది. చంకలో ఎక్కడా పట్టలేదట. అంత బాగా కుట్టినవాళ్లు ఈ మధ్య లేరట.

ఆ తర్వాత వచ్చిన పోస్టు ఆమె తన వేలితో కొట్టింది. మొదటి వాక్యం: "మా ఇంట్లో ఈగలు లేవు." ఆ తర్వాత 'ఇగ' అంటే ఏమిటో, మబ్బుల లేవడమంటే ఏమిటో, కాజాలంటే ఏమిటో ఒక్కో వాక్యంలో చెప్పింది. మాస్టారు, నేను చెరో ఓటూ వేసి, గుంపు ఓటూ వేశాం. పాత పాఠకులంతా వచ్చి నవ్వారు, క్షమించమన్నారు. తులసాకుల ఆమె తన ఊళ్లో తెల్లవారుజామును ఏమంటారో రాసింది.

కానీ తర్వాతి పోస్టులు చప్పబడ్డాయి. "ఈ రోజు రెండు జాకెట్లు కుట్టాను. వాతావరణం బాగుంది." అంతే. ఒక్క అక్షరం తప్పు లేదు. చదివిన మనిషి మళ్లీ రాడు. ఆమెకే ఫోన్ చేశాను.

"నాకు తెల్వదా అక్కా" అంది. వెనక మెషీను చప్పుడు వినబడుతోంది. "చేతులు పనిల ఉంటె నోరు ఖాలీగుంటుండె, చెప్తుంటి. టైపు కొట్టాల్నంటె కుట్టు ఆపాలె. కుట్టు ఆగితె ముచ్చట గూడ ఆగుతాంది. ఏం జెయ్యాల్నో నాకే సమజైతలేదు." తర్వాత తనే అడిగింది. "మీరు దినాం అందరియి సదువుతరు గద. గవ్వి నాకు గూడ పంపరాదు? నా ఫోను సదివి ఇనిపిస్తది. నోరు సంగతి తర్వాత, చెవులైతె ఖాలీగనే ఉన్నయ్."

ఆమెకు పోస్టులు పంపడం అలా మొదలైంది. ఫోను చదువుతుంటే వింటూ కుట్టి, సాయంత్రం నాకు వాయిస్ మెసేజీ పెట్టేది. "గా చెరువుల చేపలు పట్టుడు రాసినాయనకు ఓటు గొట్టున్రి, నాకు కాళ్లకు బురద అంటినట్టే ఐంది." "శ్రీశైలం పొయ్యొచ్చినాయనది నడిమిట్ల గొంతు మారింది, జర సూడున్రి." మాస్టారు వెతికి చూస్తే నడిమి పేరాలు నిజంగానే ఒక యాత్రల సైటులోవి. ఆయన సంబరపడి ఆమెను కూడా గుంపులో కలిపేశారు. తను చెప్పే మెసేజీలు ఎవరూ అక్షరాల్లో చదవనక్కర్లేదు కాబట్టి ఆమెకు సిగ్గు లేదు. కొన్నాళ్లకు పోస్టులు కూడా మళ్లీ నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది. కాకపోతే ఇప్పుడు కుట్టు అయ్యాక చదివి చూసుకుంటుంది. కొన్ని దిద్దుతుంది, కొన్ని వదిలేస్తుంది.

ఆమె చెవి కూడా ఒక్కోసారి మోసపోతుంది. ఈమధ్య ఒక పోస్టు వచ్చింది. చిన్నప్పుడు మేనత్త ఇంట్లో బావి తవ్వినప్పటి జ్ఞాపకం. నీళ్లు పడ్డ రోజు మేనత్త మొదటి చెంబు తను తాగకుండా, బావి తవ్విన ఒడ్డెరామెకు ఇచ్చిందట. అది విని మా కుట్టు చెల్లె మెసేజీలోనే ఏడ్చింది. నేను ఓటు వేయబోతుంటే మాస్టారు ఆపారు. అది మొత్తం ఒక పాత బ్లాగులోంచి ఎత్తుకొచ్చిందే. అసలు రాసినావిడ వేరు. ఇక్కడ పెట్టినవాడు ఒక కామా కూడా మార్చలేదు.

"దొంగపోస్టే కదండీ, వ్యతిరేక ఓటు వేసేస్తున్నాను" అన్నారు మాస్టారు.

"వానికెయ్యున్రి, వద్దన్ననా?" అని ఆమె మెసేజీ. "గని రాసినామె ఉన్నది గద సారూ. గామెకు పొయ్యి ఓటెయ్యున్రి."

"ఆవిడ మన సైటులో లేరమ్మా."

"లేకుంటె రమ్మనున్రి. గంత మంచిగ రాసినామెను రమ్మని ఒక్క మాట పిలువరా?"

ఇన్నాళ్లూ మా ముందుకు వచ్చినవాటిలోంచే ఏరుతున్నాం. లేని మనిషిని వెతికి పిలవాలన్న ఆలోచన మాస్టారికి గానీ నాకు గానీ రాలేదు. ఆ పాత బ్లాగు కింద వ్యాఖ్యలు రాసే చోట ముగ్గురి తరఫునా నేను రాశాను. ఇక్కడ ఎవరో మీ జ్ఞాపకాన్ని తమదని పెట్టారని, దాన్ని మేం తీయిస్తున్నామని, విన్నవాళ్లు ఏడ్చారని, వీలైతే మీరే వచ్చి రాయమని.

చాలా రోజులు ఏమీ రాలేదు. ఆ బ్లాగు చివరిసారి ఎప్పుడు తెరిచారో కూడా తెలీదు. మనిషి ఉందో లేదో అని మాస్టారు అన్నారు. మేం ఆ సంగతి వదిలేశాం.

మొన్న మధ్యాహ్నం ఒక గిరాకీ వచ్చి మడతబందులు చూస్తున్నాడు. తలుపుకు ఏ సైజు పడతాయో చెబుతుండగా ఫోను మోగింది. ములుగు నుంచి వాయిస్ మెసేజీ. మెషీను చప్పుడు లేదు.

"అక్కా, గా బాయి ముచ్చట రాసినామె వచ్చింది! కొత్త పోస్టు వెట్టింది. నేను రెండుపాల్లు ఇన్న. ఇనుకుంట జాకెట్టుకు ఎడమ చెయ్యి తావుల కుడి చెయ్యి అతికిన, మల్ల ఇప్పుతాన. నువ్వు జల్ది సదువు."

అత్తమ్మ అప్పటికే వెనక గదిలోంచి వచ్చి, మేకుల డబ్బాల పక్కన ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. బందుల గిరాకీని చూసి, "జర ఆగు బిడ్డా, ఇప్పుడే ఇస్తది" అంది. అతను గల్లాకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను పోస్టు తెరిచి, పైకి చదవడం మొదలుపెట్టాను.